చెరిపేసిన చుక్క వెంట: లారీ టర్బోతో గుడిహత్నూర్ నుంచి కాగజ్‌నగర్ దాకా

మెకానికల్ ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివి, మూడు సప్లీలు రాసి, పట్టా పుచ్చుకున్న మనిషిని నేను. గొప్పకు చెప్పడం లేదు. కింద రాబోయే తప్పు ఎవరిదో ముందే తెలిస్తే మీకు చదవడం సులువని చెబుతున్నాను. మా బాపు మూడేళ్ల కింద ఒక పాత పది టైర్ల లారీ కొన్నాడు. మొన్న ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు ఎత్తుకుని గుంటూరు వైపు బయలుదేరితే, అది ఇరవై కిలోమీటర్లు కూడా పోకుండా గుడిహత్నూర్ చౌరస్తా దగ్గర నిలబడిపోయింది. ఎత్తు ఎక్కదు, వెనక నీలం పొగ, క్యాబిన్ కింద ఈల. టర్బో పోయింది. తెలియనివాళ్లకు చెప్పాలంటే టర్బో నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది. ఇంజను వదిలే పొగతో ఒక పక్క చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజనులోకి గాలి తోస్తుంది. అది లేని లోడు లారీ అంటే ఆయాసం ఉన్న పెళ్లికొడుకు. మిల్లు గుమాస్తా ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు: ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తాను, తర్వాత బేళ్లు వేరే లారీలోకి మారుస్తాను. ఒకసారి మార్చారంటే ఆ సీజన్ మొత్తం ఆ మిల్లు నుంచి బాపుకు పిలుపు రాదు. మా ఇంటికి ఆ సీజనే సంవత్సరం.

ఆ సాయంత్రం నేనూ బాపూ కలిసి టర్బో విప్పాం. "ఉన్నదున్నట్టు సంచిల ఏస్కోని కరీంనగర్ పో. చెయ్యి పెట్టకు," అన్నాడు బాపు. ఆయన చాయ్‌కి పోగానే నేను చెయ్యి పెట్టాను. డీజిల్‌తో కడిగి, థిన్నర్ పోసి, తీగ బ్రష్‌తో రుద్ది, అద్దంలా చేశాను. గాలి వైపు మూతిలో, ఇరుసు చివరి నట్టు మీద ఒక చుక్క ఉంటే దాన్నీ తుడిచేశాను. దసరాకు మా బాపు స్పేర్ టైరుకు కూడా బొట్టు పెట్టే మనిషి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. కడగకముందు ఫొటో ఒకటి, కడిగాక ఫొటో ఒకటి స్టేటస్ పెట్టి, కింద 'ఇంజనీర్ చేతి మహిమ' అని రాశాను.

మరునాడు పొద్దున అయిదు నలభైకి గుడిహత్నూర్‌లో కరీంనగర్ బస్సు ఎక్కాను. నిర్మల్, జగిత్యాల మీదుగా పోతుంది, అయిదు గంటల లోపు దింపుతుంది. నాకు రెండు వందల డెబ్బై చిల్లర అయింది. బస్సులో సగానికి పైగా ఆడవాళ్లు, వాళ్లకు టికెట్ లేదు. నాకు ఉంది, నా ఒళ్లోని పదిహేను కిలోల బియ్యం సంచికి కూడా ఉంది.

"ఏమున్నది గా సంచిల?" అంది కండక్టరక్క.

"టర్బో, అక్కా. లారీది."

"నూనె గీనె కారుతదా?"

"లేదక్కా, మొత్తం కడిగి తెచ్చిన," అన్నాను ఛాతీ ఉబ్బించి. ఆ రోజు నేను గర్వపడిన చివరి క్షణం అదే.

పదీ ఇరవైకి కరీంనగర్ బస్టాండులో దిగి, బైపాస్ పక్కన లారీ సామాన్ల దుకాణాల దాకా ఆటోలో పోయాను, ఎనభై రూపాయలు. మొదటి రెండు చోట్ల సంచిలోకి తొంగి చూసి, టర్బో అయితే రఫీక్ భాయ్ దగ్గరికి పొమ్మన్నారు. రఫీక్ భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. కళ్లద్దాలు నుదుటి మీద, కొలత పరికరం చొక్కా జేబులో. టర్బోను పిల్లిపిల్లను తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"దీని మీది నంబర్ ప్లేటు ఏది?"

"లేదు భాయ్. లారీ కొన్ననాటి నుంచి గంతే."

"అంటే కంపెనీది కాదు, బయటి మాల్." ఇరుసు ఊడదీసి లోపల కొలిచాడు. మామూలు రిపేరు కిట్టులోని బుష్, అంటే ఇరుసుకు తొడిగే చిన్న గొట్టం, పెట్టి చూపించాడు. గలగలా ఆడింది. "ఎవరో లోపలి బొక్కను బోరు కొట్టి పెద్దగ జేసి, పెద్ద బుష్ ఏసిండు. ఎంత పెద్దది, ఏ రింగులు, గవి బిగించినోనికే ఎరుక. లేత్ మీద చేపిస్తే అయితది గానీ, గంత స్పీడుకు ఆగది. నిర్మల్ ఘాట్ల పలుగుతది."

కొత్తది కొంటే అని అడిగాను. కంపెనీది ముప్పై అయిదు వేల పైమాట, అదీ హైదరాబాద్ నుంచి రావడానికి రెండు రోజులు. నా దగ్గర ఒక్కటే రోజు ఉంది.

"మరి బిగించినోడు ఎవరో ఎట్ల తెలుస్తది భాయ్?"

"నట్టు మీద నిషాన్ ఉంటది. ఒక్కొక్కనిది ఒక్కో తీరు. ఒకడు తెల్ల పెయింటు పెడ్తడు, ఒకడు ఆకురాయితోని గీత గీస్తడు. నీది చూస్తే కొత్త గిన్నె లెక్క మెరుస్తుంది. ఎవరు కడిగిన్రు దీన్ని?"

"మా బాపు," అన్నాను.

రఫీక్ భాయ్ కళ్లద్దాలు కిందికి దించి నన్ను చూశాడు. "లారీ నడిపెటోడు కడుగడు. నువ్వేం చదివినవ్ తమ్మీ?"

"మెకానికల్."

"అచ్ఛా," అన్నాడు. నాలుగేళ్ల ఫీజు మొత్తం ఆ ఒక్క మాటలో వసూలయింది.

కడగకముందు తీసిన ఫొటో గుర్తొచ్చింది. ఫోన్ తీసి, ఆ నట్టు దగ్గర పెద్దది చేసి చూపించాను. మసక మసకగా, వంగపండు రంగులో, చిన్న చుక్క. రఫీక్ భాయ్ ఫోన్ లాక్కుని ఎండలోకి పోయి చూశాడు. "గోళ్ల రంగు. గిట్ల పెట్టెటోడు ఒక్కడే. ఏసుదాసు. ముందుగాల పెద్దపల్లి రోడ్డుల ఉండె. కాగజ్‌నగర్ కాగితం మిల్లు మల్ల తెరిచినంక అటు లారీలు మస్తు తిరుగుతున్నయని పోయిండు." ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. "పనిల ఉంటే ఎత్తడు. పోతే పో, లేకుంటే లే. నేనైతే పోతా."

పోయాను. మనిషి ఉన్నాడో లేడో తెలియదు, ఉన్నా సామాను ఉందో లేదో తెలియదు. బస్సులో పెద్దపల్లి గంట, అక్కడ కాగజ్‌నగర్ వైపు రైలుకు జనరల్ టికెట్. రెండూ కలిపి నూట ముప్పై లోపే. కిటికీ దొరికింది, మంచిర్యాల ముందు గోదావరి కూడా వచ్చింది. ప్రయాణ వ్యాసం కాబట్టి నది గురించి నాలుగు మాటలు రాయాలి. నిజం చెప్పాలంటే నేను నదిని చూడలేదు, గడియారాన్ని చూశాను. వంతెన మీద ఉండగానే బాపు ఫోన్.

"దొరికిందా?"

"దొరుకుతది బాపూ. కాగజ్‌నగర్ పోతున్న."

"గంత దూరమెందుకు?" అన్నాడు. "నువ్వైతే ఏం చెయ్యి పెట్టలేగా?"

"లే బాపూ."

"మంచిది," అని పెట్టేశాడు. సంచి ఉన్నపళంగా పదిహేను నుంచి ముప్పై కిలోలయింది.

నాలుగు గంటలకు కాగజ్‌నగర్ స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. ఏసుదాసు ఇంటి ముందరి రేకుల షెడ్డే ఆయన దుకాణం. మనిషి ఉన్నాడు. సగం గండం గడిచింది. ఫొటో చూసి నవ్వాడు. "చుక్క మాదే. కానీ గిసుంటియి వందలు కట్టిన తమ్మీ. గిండ్ల ఏ సైజు ఏసిన్నో నాకేం యాదికుంటది?" నా కాళ్ల కింద కాగజ్‌నగర్ కొద్దిగా కదిలింది. ఆయన లోపలికి కేకేశాడు. "మార్తా, గీ రంగు ఎప్పటిదే?"

ఆయన భార్య మార్తమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ చూసింది. ఆలోచించను కూడా లేదు.

"వంగపండు రంగు. మా చెల్లె పెండ్లికి కొన్న సీస. గది ఒడిసినంక ఎర్రది కొన్న. పెండ్లప్పుడు మనం పెద్దపల్లిలనే ఉంటిమి గదా. గప్పుడు నువ్వు బోరు కొట్టిచ్చి రెండో సైజు బుష్‌లు ఏస్తుంటివి. తర్వాత అవి దొరుకుతలేవని బంద్ జేసినవ్."

ఏసుదాసు నా వైపు తిరిగాడు. "నేనేం రాసి పెట్టుకోను తమ్మీ. మా ఆమె సీసలే నాకు పుస్తకం."

"రాసుకొమ్మని చెప్పి చెప్పి నా నోరు పోయింది," అంది మార్తమ్మ. "రెండో సైజువి ఉంటే బిస్కెట్ల డబ్బాల ఉండాలె. లేకుంటే లెవ్వు."

డబ్బా మూత రాలేదు. స్క్రూడ్రైవర్‌తో లేపాడు. ఒక పొట్లం విప్పాడు, మొదటి సైజు. ఇంకోటి, అదీ మొదటిదే. అడుగున నూనె కాగితంలో చుట్టింది ఒక్కటే మిగిలింది. దాన్ని విప్పి, బుష్‌ను టర్బోలోకి జారవిడిచి, వేలితో తిప్పాడు. చప్పుడు లేదు. నేను అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాను. రింగులు, బుష్‌లు, ఇరుసు బ్యాలెన్స్, కూలి అన్నీ కలిపి నాలుగు వేల రెండు వందలు తీసుకున్నాడు. పని ముగిసేసరికి ఏడయింది, ఉట్నూరు వైపు చివరి బస్సు వెళ్లిపోయింది. వాళ్ల వరండాలోనే జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకున్నాను. దానికి డబ్బులు ఇవ్వబోతే మార్తమ్మ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. పొద్దున నట్టు మీద చిలకాకుపచ్చ చుక్క పెట్టి, ఆరేదాకా ఊది, సంచి చేతికిచ్చింది.

"గిది కడుగకు బిడ్డా."

ఏసుదాసు చెప్పినవి రెండు. బిగించాక స్టార్ట్ చేసే ముందు టర్బోలో చేత్తో నూనె పోయాలి. మొదటి అయిదు నిమిషాలు నీలం పొగే వస్తుంది, పాత నూనె కాలుతుంది, భయపడి యాక్సిలరేటర్ తొక్కి రేసు కొట్టొద్దు.

అయిదున్నర బస్సుకు ఆసిఫాబాద్, అక్కడ మారి ఉట్నూరు, ఇంద్రవెల్లి మీదుగా గుడిహత్నూర్. దారి అంతా అడవి, మలుపులు, చాలా బాగుంటుందట. తొమ్మిదీ యాభైకి దిగేసరికి మా లారీ వెనక ఇంకో లారీ నిలబడి ఉంది. గుమాస్తా ముందే వచ్చేశాడు. ఇద్దరు హమాలీలు మా తాడు విప్పుతున్నారు. బాపు వాళ్లను ఆపడం లేదు, క్యాబిన్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"పన్నెండు అన్నరు గదా సారూ," అన్నాడు గుమాస్తాతో, మెల్లగా. "పన్నెండు దాకా తాడు ముట్టకున్రి."

గుమాస్తా వాచీ చూసుకుని చెట్టు కిందికి నడిచాడు. మేమిద్దరం టర్బో బిగించాం. పదకొండూ ఇరవైకి నూనె పోసి బాపు స్టార్ట్ చేశాడు. భగ్గుమని నీలం పొగ. గుమాస్తా లేచి హమాలీలకు సైగ చేశాడు. "అయిదు నిమిషాలు," అని నేను ఆయనకు అడ్డం నిలబడ్డాను. నా జీవితంలో ఏ పరీక్ష హాల్లోనూ అంత సేపు చెమట పట్టలేదు. మూడో నిమిషానికి పొగ పలచబడింది, అయిదో నిమిషానికి లేదు. బాపు గేరేసి చౌరస్తా చుట్టూ ఒక చక్కర్ కొట్టుకొచ్చాడు. ఈల లేదు. హమాలీలు విప్పిన తాడు మళ్లీ బిగించడం మొదలుపెట్టారు.

అప్పుడు చెప్పాను. "బాపూ, నట్టు మీద గుర్తు ఉండె. నేనే తుడిచిన. నువ్వు అడిగితే అబద్ధం చెప్పిన."

బాపు చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు. "నీ స్టేటస్ నేను చూడనా? రెండు ఫొటోలు మంచిగనే తీసినవ్." క్యాబిన్ ఎక్కి తలుపేసుకుని, కిటికీలోంచి వంగాడు. "గుంటూరు దాకా వస్తవా, దిగుతవా?"

ఎక్కాను. ఇది క్యాబిన్‌లోనే రాస్తున్నాను. టర్బో అంటే నాకు నిన్నటిదాకా పుస్తకంలో ఒక బొమ్మ, పరీక్షలో ఎనిమిది మార్కులు. దాన్ని బిగించిన చేతులు ఉంటాయని, ఆ చేతులు ఎక్కడో ఒక గుర్తు వదులుతాయని, ఆ గుర్తును ఒకావిడ చెల్లెలి పెళ్లితో కలిపి గుర్తుపెట్టుకుంటుందని మా సిలబస్‌లో లేదు. నేను మాత్రం మురికి అనుకున్నాను. తప్పు ఒప్పుకున్నాక భయం పోతుందనుకున్నాను, పోలేదు. ప్రతి ఎత్తు దగ్గరా ఇప్పటికీ చెవి ఇంజను మీదే ఉంటోంది. బాపు చెవీ అంతేనట, మూడేళ్ల నుంచి. నాకు ఆ సంగతి ఇవాళే తెలిసింది.

మీకు పనికొచ్చే మాట ఒక్కటి. బయటి టర్బోకు సామాను వెతకబోయే ముందు దాన్ని కడగకండి. విప్పకముందే నాలుగు వైపులా, ముఖ్యంగా ఇరుసు చివరి నట్టు దగ్గర, దగ్గరగా ఫొటోలు తీసుకుని, మురికితో సహా సంచిలో వేసుకుపోండి. కండక్టరక్క అడిగితే నూనె కారుతుందనే చెప్పండి, కింద పరవడానికి పాత పేపరు ఆమే ఇస్తుంది.