దర్వాజలో ఇరుక్కున్న విసుర్రాయి

మా బాపుకు తొందర తక్కువ, మొండితనం ఎక్కువ. తప్పు చేసినా గట్టిగా, పదికాలాలు నిలిచేటట్టు చేసేవాడు.

సర్కారు మనుషులు, రజాకార్లు లెవీ పేరు చెప్పి ఇల్లిల్లూ తిరిగి గింజలు ఊడ్చుకుపోతున్న రోజులవి. మక్తల్ దిక్కు మా ఊళ్లో బాపు లోపలి చిన్న అర్రలో పాతర తవ్వాడు. ఆ గోతిలో జొన్నలు పోసి, మూతి కప్పి, మీద మా పెద్ద విసుర్రాయిని కూర్చోబెట్టాడు. ఎవరొచ్చి తొంగిచూసినా అమ్మ పిండి విసురుతూ కనబడేది. అంతటితో ఊరుకోక, అర్ర ఎవరి కంటా పడొద్దని దర్వాజలో సగం వెడల్పు దాకా మట్టిగోడ పెట్టాడు. మనిషి పక్కకు తిరిగి దూరాల్సిందే. రాయి మళ్లీ బయటికి రావాలన్న సంగతి ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పోలీస్ యాక్షన్ అయింది. మిలట్రీ వచ్చింది, రజాకార్లు జాడ లేకుండా పోయారు. ఇక పాతర తీద్దామన్నారు. నెలల తరబడి పలుచటి అంబలి మీద బతుకుతున్నాం. చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, నిండు నెలల మనిషి. "పొద్దుగూకేటాల్లకు నీకు జొన్నరొట్టె తినిపిస్త," అన్నాడు చిన్నాయన ఆమెతో, అందరూ వింటుండగానే. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పై రాయి సులువుగానే బయటికి వచ్చింది. కింది రాయి అర్రలోనే ఉంటే కాలు పెట్టే జాగా ఉండదు.

"ముందుగాల ఆ గోడ కూలగొట్టుండ్రి," అంది బాపు తల్లి, మా అవ్వ.

"గోడెందుకే? నిలవెట్టి దొర్లిస్తే అదే వస్తది," అన్నాడు బాపు.

రాయి గడప దాకా దొర్లి, పక్కకు ఒరిగి, దర్వాజకూ గోడకూ మధ్య బిగుసుకుపోయింది. బాపు ఇవతల, చిన్నాయన అవతల అర్రలో.

మూసిన పాతరలో విషగాలి పట్టి ఉంటుంది, తీసినప్పుడు ఒక పూట గాలికి వదలాలి. తర్వాత తాడుకు దీపం కట్టి దించాలి. దీపం ఆరిపోతే మనిషి దిగొద్దు. మా వైపు పసిపిల్లలకూ తెలిసిన సంగతే, చిన్నాయనకు తెలియదా?

"నువ్వు గడ్డపార తెచ్చేటాల్లకు నేను తట్టెడు గింజలు తీస్త," అని లోపలి నుంచి వినబడింది.

"ఆగురా, దీపం అందిస్త," అంటూ అవ్వ ఆముదం దీపం వెలిగించింది. రాయి మీదుగా చెయ్యి లోపలికి చాచింది. "అందుకో కొడుకా."

ఎవరూ అందుకోలేదు.

"అందుకోరా!"

బాపు గడ్డపారతో తన గోడను తానే పొడిచాడు. ఎంత గట్టిగా పెట్టాడో ఆ గోడ! అది కూలి, రాయి పక్కకు పడి, పాతరలోంచి చిన్నాయనను కొక్కెం వేసి పైకి లాగేసరికి ఆయనలో ఊపిరి లేదు. తట్ట నిండా గింజలున్నాయి. బాపు ఆ రాయి మీదనే కూలబడి తల బాదుకున్నాడు. ఆయన మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఆయన పోయినంక కూడా పోలేదు.

జొన్నలు ఒక్క గింజ చెడలేదు. ఆకలి రుచెరగదంటారు గానీ, ఆ రొట్టె రుచి నాకు ఈనాటికీ గుర్తుంది. దినాలు కాగానే అవ్వ మొదటి రొట్టె చిన్నమ్మ ముందు పెట్టింది. చిన్నమ్మ ముఖం తిప్పుకుంది.

"కడుపుల బిడ్డకన్న తినాలె గద బిడ్డా," అంది అవ్వ.

చిన్నమ్మ తిన్నది.