దూరం పోయేవారికి ముందు చోటు

మా పల్లెలో ఇంటర్నెట్ నిలవదు. అందువల్ల ప్రసూన రోజూ పాపన్న షేర్ ఆటోలో కళ్యాణదుర్గం వెళ్లి, అద్దె గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రపు ఆదేశాలుగా మార్చే కంపైలరును మెరుగుపరచడం ఆమె పని.

ప్రాసెసరులో రిజిస్టర్లనే చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడున్న విలువ తక్షణం అందుతుంది. రిజిస్టరంటే హాజరుపట్టీయేనని బడిపంతులుగా జీవితమంతా నమ్మిన నాకు ఈ కొత్త అర్థం ఒంటబట్టడానికి కొంతకాలం పట్టింది; నిఘంటువులో చేర్చదగిన అర్థమే. అక్కడ చోటు దక్కని విలువ మెమరీకి పోతుంది. కావలసినప్పుడల్లా దాన్ని అక్కడినుండి తెచ్చుకోవాలి, ఆలస్యమవుతుంది.

ఎక్కువసేపు నిలిచే విలువకు ముందు చోటివ్వాలని ప్రసూన కంపైలరు ఆ చోట్లు పంచే వరుస మార్చింది. ఆ ఊహ పాపన్న ఆటోలోనే పుట్టింది: దూరం పోయేవారికి సీటు, దగ్గర దిగేవారికి వెనక సామాన్ల చోటు.

మొన్న నేనూ అదే ఆటో ఎక్కితే, ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"జ్వరమా తల్లీ?" అన్నాను.

"కాదు సార్. నా మార్పుతో కొన్ని ప్రోగ్రాములు ముందుకంటే నిదానమైనాయి. ఎందుకో తెలీలే. ఈ మార్పు నిలిస్తేనే నా ఉద్యోగం ఖాయమయ్యేది."

అంతలో పల్లెపల్లెకూ దిగి పాలు పోయించుకునే నల్లమ్మ క్యానుతో వచ్చింది.

"వెనక్కు పో అత్తా. కళ్యాణదుర్గం వాళ్లు కూర్చోవల్ల," అన్నాడు పాపన్న.

"వాళ్లు ఎక్కి నిద్రపోతారు. దిగి ఎక్కేది నేను. నన్ను మూటల మీదికి తోసి, ఆలస్యమాయ అని మళ్లీ నన్నే తిడతావు."

తరువాతి పల్లెలో ఆమె మూటలు దాటుకుని దిగి, మళ్లీ ఎక్కేదాకా అందరమూ ఎదురుచూశాము. ప్రసూన అటే చూస్తూ ఉండిపోయింది.

"సార్, విలువ ఎంతసేపు ఉంటాదనేదే లెక్కేసినా. ఎన్నిసార్లు కావల్ల అనేది చూడలే."

వెంటనే తన పైఅధికారి సుమంత్‌కు ఫోను చేసింది. ఆయన మాట నాకూ వినిపించింది: "సాయంత్రం కొత్త కంపైలరు విడుదలయ్యేలోపల సరిచేస్తావా?"

"చేయొచ్చన్నా. కానీ పరీక్షించే టైము లేదు, ఇంకేమి చెడతాదో. ఈ విడుదలలో నా మార్పు వద్దు. నేనే తీసేస్తా."

"నీ ఉద్యోగం సంగతి తెలిసే చెప్తాండావా?"

"తెలిసే."

"సరే. నీ ఉద్యోగం గురించి పైవాళ్లను అడిగి ఫోను చేస్తా."

మరుసటి పల్లెలో ప్రసూన లేచి నల్లమ్మను తన సీట్లో కూర్చోబెట్టి, వెనక మూటల మీద కూర్చుంది.

"దుమ్ము కొడతాదే పాపా," అంది నల్లమ్మ.

"కొట్టనీలే అవ్వా."

కళ్యాణదుర్గం చేరేదాకా ఆమె ఫోనును గుప్పిట్లోనే ఉంచుకుంది. అది మోగలేదు.