అతనొక్కడికే తెలిసిన పాస్‌వర్డ్

ఆస్పత్రిలో నడుం నొప్పుల విభాగంలో చీటీలు రాసేది నేను. పక్క గదిలో మర్దన చేసే అతన్ని అందరం మెత్తచేతులాయన అంటాం. పుట్టుకతోనే చూపు లేదు. నలభై దాటినా పెళ్ళి కాలేదు, అక్కాబావల ఇంట్లో ఉంటాడు. ఫోన్ చదివి వినిపించడం మొదలయ్యేదాకా, ఎవరు ఏం రాసినా అతనికి చదివి చెప్పేది అక్కే. అతని మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఆమె పెట్టిందే, తన కూతురి పేరు.

అలాంటి మనిషికి వేరే ఊళ్ళో సంగీతం నేర్పే ఒకామెతో మెయిల్లో స్నేహం కుదిరింది. ఫోన్ నంబరు అడిగే ధైర్యం ఇంకా రాలేదు గానీ, ఆమె మాటెత్తితే చాలు ముఖం వెలిగిపోయేది. "పిన్నీ, ఆ ఉత్తరాలు ఇంట్లో వాళ్ళు చూడకూడదు. నాకొక్కడికే తెలిసిన పాస్‌వర్డ్ కావాలి," అన్నాడు నాతో. పాస్‌వర్డ్‌లు తనే తయారుచేసి తనే దాచిపెట్టే యాప్ ఒకటి దింపుకున్నాడు.

తెరమీద వేలు పెడితే అక్కడేముందో ఫోన్ చదివి చెప్పాలి కదా. ఈ యాప్‌లో ఎక్కడ పెట్టినా "బటన్" అనేది. పైన బటన్, కింద బటన్. దేనికి బటనో చెప్పి చావదు! తడిమి తడిమి ఒకటి నొక్కేసరికి కొత్త పాస్‌వర్డ్ తయారైంది. తయారవగానే ఫోన్ దాన్ని గదిలో రోగులందరికీ అక్షరం అక్షరం వినిపించింది.

"బాగుంది బాబూ, నేనూ రాసుకోనా?" అన్నాడు బల్లమీద బోర్లా పడుకున్న పెద్దాయన. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

"ఇటివ్వు, నేను నొక్కిపెడతా," అన్నాను.

"నువ్వు నొక్కితే అది నాదెలా అవుతుంది పిన్నీ?"

కంపెనీకి రాశాడు. కింది బొమ్మలో ఎర్ర బాణం చూపించిన చోట నొక్కండి అని జవాబొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చూపు లేదు మహాప్రభో అని మొదటి వాక్యంలోనే మొత్తుకున్నాడు!

చివరికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఏ బటన్ దేనికో తప్పులు చేస్తూ చేస్తూ కనిపెట్టి, సొంతంగా పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. ఆ కొన్నాళ్ళూ మర్దన చేస్తూ కూనిరాగాలు తీసేవాడు.

తర్వాత యాప్‌ను ఇంకా అందంగా మార్చారట. వాళ్ళ అందం తగలెయ్య! ఒక ఆదివారం పొద్దున చూస్తే బటన్లన్నీ చోటు మారిపోయాయి. ఆమె ఉత్తరం వచ్చే రోజది. ఎంత తడిమినా మెయిల్ తెరుచుకోలేదు. గత్యంతరం లేక ఫోన్ అక్క చేతికిచ్చాడు. ఆమె అతని వేలు పెట్టించి చిటికెలో తెరిచేసి, పనిలో పనిగా తన వేలిముద్ర కూడా అందులో ఎక్కించింది.

"ప్రతిసారీ ఈ అవస్థ దేనికిరా, నేనున్నాగా," అంది. అక్కను వద్దనడం అతనికి ఏనాడూ చేతకాలేదు.

ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. యాప్ మళ్ళీ మొరాయించిందేమో అనుకుని, నా పక్కన కూర్చుని ఒక్కొక్క మెయిలూ వింటూ పోయాడు. పంపిన వాటిలో తను రాయని ఉత్తరం ఒకటుంది. "నాకు సంబంధం కుదిరింది. ఇక రాయకండి." కింద అతని పేరు.

ఇంటికెళ్ళి అక్కను నిలదీశాడు. "ముక్కూ మొహం తెలియనిది నిన్నేం చూసుకుంటుందిరా? నీ మంచికే చేశాను," అందట.

జరిగిందంతా సంగీతం టీచరుకు రాశాడు. జవాబు నాకూ వినిపించాడు. "మొన్నటిదీ మీ పేరుతోనే వచ్చింది. ఇది మాత్రం మీరే రాశారని ఎలా నమ్మను?"

"నువ్వైతే ఏం రాస్తావు పిన్నీ?" అని అడిగాడు.

ఆమె అడిగినదాంట్లో మాత్రం తప్పేముంది?