నున్నటి రోడ్డు మీద టెస్ట్ రైడ్

బెంగళూరు యలహంకలో ఒక మోటార్‌సైకిళ్ల షోరూమ్‌లో నేను సేల్స్ పనిలో చేరిన మూడో ఏడు అది. ఒక బుధవారం ఉదయం, షట్టర్ ఎత్తిన కాసేపటికి, ఒక పెద్దాయన భార్యతో కలిసి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు బండ్ల వైపు చూస్తారు. ఆయన కుర్చీ కోసం చూశాడు. కుర్చీ జరిపితే రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా కూర్చున్నాడు. చొక్కా కింద నడుముకు కట్టుకున్న బెల్టు అంచు కనిపించింది.

నేను కన్నడంలో మొదలుపెట్టాను. రెండో మాటకే ఆయన నవ్వేశాడు.

"తెలుగోడివేనా అప్పా? యా ఊరు మీది?"

"ఒంగోలు దగ్గర సార్."

"మాది కాటన్‌పేట. మా తాత కాలం నుంచీ ఈడే ఉండాము. బట్టల హోల్‌సేల్ అంగడి. కూతురు ఈ పక్కనే ఉండాది. దాన్ని చూసేకి వచ్చి, అట్లే బండ్లు కూడా చూసి పోదామని."

రెండేళ్ల కిందట అంగట్లో బట్టల మూట ఎత్తబోతే నడుములో డిస్కు పక్కకు జరిగిందట. ఆరు వారాలు మంచం మీదే ఉన్నాడట. పెళ్లికి ముందు ఒక పాత బండి మీద పడమటి కొండల్లో సకలేశపుర ఘాట్ దిగి సముద్రం దాకా వెళ్లిన మనిషి. మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తున్నప్పుడు మళ్లీ ఆ దారిన పోవాలని ఆశ పుట్టిందన్నాడు. డాక్టర్ వద్దనలేదు. నిటారుగా కూర్చునే బండి కావాలి, ముందుకు వంగకూడదు, గంటకోసారి దిగి నడవాలి, కుదుపులు తగలకూడదు అన్నాడట.

"దాచేదేమీ లేదప్పా. నా నడుము ఇట్ల ఉండాది. దీనికి తగిన బండి ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు, ఇంటికి పోతాము."

కొనడానికి వచ్చేవాళ్లు ఇంత తేలిగ్గా నిజం చెప్పరు. లేదని చెప్పే దారి కూడా ఆయనే చూపించాడు. నేను ఆ దారిన పోలేదు.

ఆయనకు తగిన బండి మా దగ్గర లేదు. ఆ సంగతి నాకు అక్కడే, ఆయన మాట పూర్తి కాకముందే తెలుసు. ఉన్న వాటిలో దూర ప్రయాణానికి పనికొచ్చేది ఒక క్రూజర్. పొడుగ్గా, కిందికి, వెడల్పాటి సీటుతో ఉంటుంది. కాళ్లు ముందుకు చాపుకుని కూర్చోవచ్చు. షోరూమ్‌లో దాని మీద కూర్చున్న వాళ్లందరూ ఇంట్లో సోఫాలా ఉందంటారు. కానీ కాళ్లు ముందుకు చాపినప్పుడు ఒంటి బరువంతా నేరుగా నడుము అడుగున పడుతుంది. గుంత వస్తే కాళ్ల మీద లేచి నిలబడి తప్పించుకోవడం కుదరదు. వెనక షాకప్‌లు పొట్టివి కాబట్టి ఆ దెబ్బ వెన్నుకే తగులుతుంది. పైగా బండి బాగా బరువు. ఇవన్నీ మాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు.

అలాంటి క్రూజర్ ఒకటి, రెండు నెలలుగా అద్దాల పక్కనే నిలబడి ఉంది. ఎవరో ఆ రంగే కావాలని తెప్పించుకుని, తర్వాత వద్దన్నారు. మా మేనేజర్ రోజూ పొద్దున రాగానే ముందు దాన్ని చూసేవాడు, తర్వాత నన్ను చూసేవాడు.

"దీని మీద కూర్చోండి సార్," అన్నాను.

కూర్చున్నాడు. ముఖం విప్పారింది. "ఏమే, చూడు ఎట్ల ఉండాదో," అని భార్యను పిలిచాడు. ఆమె బండి చుట్టూ తిరిగి చూసింది.

షోరూమ్ ముందు సర్వీస్ రోడ్డుకు కొత్తగా తారు వేశారు. అద్దంలా ఉండేది. వెనక వీధిని పైపుల కోసం తవ్వి, మట్టి కప్పి వదిలేశారు. నేను పెద్దాయనను ముందు రోడ్డు మీదే రెండుసార్లు తిప్పించాను. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతూ దిగాడు. అప్పుడు ఆమె మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఆ వెనకాల రోడ్డులో కూడా ఒక రౌండు తోలి చూస్తే బాగుంటాది గదా? మా పేటలో రోడ్లు అట్లనే ఉండేది."

"టెస్ట్ రైడ్‌కి రూట్ ఫిక్స్ అమ్మా. ఇన్సూరెన్స్ రూల్. అటు పోనివ్వరు."

అలాంటి రూల్ ఏదీ లేదు. తడుముకోకుండా, నవ్వుతూ చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసింది. పెద్దాయన ఆమె భుజం తట్టి, "మన తెలుగోడు చెప్తా ఉండాడు కదా, ఇంకేంటికి అనుమానం?" అన్నాడు.

డెలివరీ రోజు బండికి మల్లెల దండ వేశాడు. నాకని వేరే డబ్బాలో మైసూర్‌పాక్ తెచ్చాడు. ఆ సాయంత్రమే కాటన్‌పేట సందులో బండి పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో పంపాడు. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను.

మొదటి సర్వీసుకు బండిని ఆయన అంగట్లో పనిచేసే నడివయసు మనిషి తెచ్చాడు. "సార్ రాలేదా?" అని అడిగాను.

"నడుం పట్టుకునింది సార్. లేచేకి అయితా లేదు, పండుకొని ఉండారు."

ఇంకేమీ అడగకుండా సర్వీసు కార్డు రాయడం మొదలుపెట్టాను. డెలివరీ తీసుకున్న వాళ్లకు నెల తర్వాత ఫోన్ చేసి, బండితో తృప్తిగా ఉన్నారా అని అడిగి కంప్యూటర్‌లో రాయడం మా పని. ఆయన పేరు వచ్చినప్పుడు ఫోన్ చేయలేదు. 'పూర్తి తృప్తి' అని నేనే నొక్కేశాను. ఆయన గొంతు వినే ధైర్యం నాకు లేదు.

రెండో సర్వీసుకు కూడా ఆ మనిషే వచ్చాడు. మీటర్ చూశాను. మొదటి సర్వీసు నుంచి బండి దాదాపు కదలలేదు. కాటన్‌పేట నుంచి మా దగ్గరికి వచ్చిన దూరమే ఎక్కువ.

"బండి అమ్మేస్తామంటా ఉండారు మా అయ్య. మీరే తీసుకుంటారేమో అడగమన్నారు," అన్నాడతను.

ఆ వారం నా సెలవు రోజున కాటన్‌పేట వెళ్లాను. మెట్రో దిగి నడుస్తున్నంతసేపూ అంగడి మూసి ఉంటే బాగుండునని అనుకుంటూనే ఉన్నాను. తెరిచే ఉంది. క్రూజర్‌ను అంగడి పక్క సందులో, పాత బెడ్‌షీటు కప్పి పెట్టారు. పెద్దాయన లోపల చెక్క కుర్చీలో వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె నిలబడి శాంపిల్ గుడ్డలు మడత పెడుతోంది.

"రా అప్పా, రా! ఇంత దూరం వచ్చినావే!" అని లేవబోయి, సగంలో ఆగి, మళ్లీ కూర్చున్నాడు. కాఫీ చెప్పాడు. నేను అడగకుండానే ఆయనే చెప్పుకొచ్చాడు. మొదటి నెల పేటలోనే తోలాడట. ప్రతి హంపు దగ్గరా నడుములో సూది గుచ్చినట్టు ఉండేదట. ఒకరోజు పొద్దున సందులోంచి బండిని వెనక్కి నెట్టబోతే, ఆ బరువుకు పట్టేసింది. మళ్లీ నాలుగు వారాలు మంచం.

"బండి బంగారమప్పా. నాకే చేతకాలే. ఈ వయసులో ఇట్లాంటి ఆశ పడేదే తప్పు. రైడింగ్ జాకెట్టు కూడా అల్లుడికి ఇచ్చేసినాను."

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"సార్, ఆ రోజు టెస్ట్ రైడ్‌కి రూట్ ఫిక్స్ అని చెప్పాను కదా. అలాంటి రూల్ ఏమీ లేదు. వెనక రోడ్డులో తోలితే మీకే తెలిసిపోతుందని వద్దన్నాను. ఈ బండి మీ నడుముకు సరిపడదని నాకప్పుడే తెలుసు."

ఆమె చేతుల్లో గుడ్డ అలాగే ఆగిపోయింది. పెద్దాయన నన్నే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"అయితే," అన్నాడు, "నేను ఇంక పనికిరాననేది నిజం కాదా?"

నేను ఆయనకు తగని బండి అంటగట్టానని మాత్రమే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. తన ఒళ్లే అయిపోయిందని ఆయన నమ్ముతాడని నాకు తట్టలేదు.

ఆమె గుడ్డ కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"అయిదు నెలలు. నన్ను చూస్తేనే ఈ మనిషి సిగ్గుపడతా ఉండాడు. దుడ్డు పోతే పోయింది. మా ఇంటాయనను సిగ్గుపడేట్ల చేసినావు గదప్పా నువ్వు. నేను ఆ పొద్దు అడిగినాను కదా నిన్ను, నోరు తెరిచి?"

"అడిగారమ్మా," అన్నాను.

వారం తర్వాత పెద్దాయన ఫోన్ చేశాడు. "కోపం పోలేదు. సుమ్నే, ఉత్తగా కూర్చుంటే ఏం లాభం? సరయిన బండి ఏదో నువ్వే చూపించు. ఈ సారి రోడ్డు మాత్రం మా ఇంటామె చెప్తాది."

ముందు మూడు నెలలు ఆయన ఫిజియోథెరపీకి వెళ్లాడు. నడుము గట్టిపడిందని డాక్టర్ అన్నాకే బయలుదేరాం. నా సెలవు రోజుల్లో ముగ్గురం కలిసి వేరే కంపెనీల షోరూమ్‌లు తిరిగాం. అక్కడ నేను సేల్స్ మనిషినని చెప్పలేదు, ఆయన బంధువునన్నాను.

మొదట చూసిన బండి ఎత్తయినది. గుంతలను లెక్కచేయదు గానీ, ఆగినప్పుడు ఆయన కాలివేళ్లు మాత్రమే నేలకు అందాయి. సిగ్నల్ దగ్గర ఒక పక్కకు ఒరగాల్సి వచ్చి నడుము మెలి తిరిగింది. రెండోదానికి హ్యాండిల్ కిందికి ఉంది. ఆయనకు బాగానే ఉందనిపించింది. ఆమె వెనక నిలబడి చూసి, "వీపు తాబేలు మాదిరి వంగింది. దిగు," అంది. ఎక్కిన ప్రతి బండి దగ్గరా ఆమె అలాగే వెనక నిలబడి వీపే చూసేది.

మూడోది మధ్యరకం బండి. కూర్చుంటే పాదాలు సరిగ్గా తుంటి కిందికి వచ్చాయి. మోచేతులు కొంచెం వంగి వదులుగా ఉన్నాయి. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడగలిగాడు. సీటు మరీ మెత్తగా లేదు. మెత్తటి సీటు అరగంటలో కుంగి నడుమును వంచుతుందని ఆయనకు చెప్పాను. వెనక షాకప్‌ను బరువుకు తగ్గట్టు చేత్తోనే తిప్పి సర్దుకోవచ్చు. ఇంజన్ ఆపి, కొంచెం ఎత్తు మీదికి బండిని వెనక్కి నెట్టమన్నాను. ఆయన రోజూ పొద్దున సందులో చేయాల్సిన పని అదే. నెట్టాడు. ముఖం చిట్లించలేదు.

అయినా నేను అప్పుడే కొననివ్వలేదు. అదే రకం బండిని ఒక రోజుకు అద్దెకు తీసుకున్నాం. ఒక ఆదివారం ఉదయం వాళ్లిద్దరూ దాని మీద, నేను నా స్కూటర్ మీద వెనక, హోసూరు దారిలో అత్తిబెలె దాకా పోయాం. ఆమె ఫ్లైఓవర్ ఎక్కనివ్వలేదు. కిందనే, లారీల మధ్య, గుంతల్లో పోవాలంది. ముప్పావు గంటకోసారి ఆపి దింపేది. ఆయన రోడ్డు పక్క నడుము మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగుతుంటే టీ తాగుతున్న లారీ డ్రైవర్లు చూసి నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను మాత్రం వెనక వస్తున్నంతసేపూ ప్రతి కుదుపుకూ ఆయన భుజాల వైపే చూశాను.

నడుము నొప్పి అసలు సంగతి మర్నాడు తెలుస్తుంది. సోమవారం పొద్దున నేను ఫోన్ చేయకముందే ఆయన చేశాడు. "సాక్సులు నేనే వేసుకున్నానప్పా, ఎవరూ పట్టుకోకుండా."

బండి కొన్నాడు. క్రూజర్‌ను అమ్మినప్పుడు వచ్చిన నష్టం ఆయనే భరించాడు, నన్ను ఆ మాట ఎత్తనివ్వలేదు. రెండు నెలల తర్వాత, దారిలో ఒక రాత్రి ఆగి, ఇద్దరూ సకలేశపుర వెళ్లి వచ్చారు. నొప్పి పూర్తిగా పోలేదు, పోదు కూడా. గంట దాటి తోలితే ఇప్పటికీ కాలు తిమ్మిరెక్కుతుందంటాడు.

నేను ఇంకా ఆ షోరూమ్‌లోనే ఉన్నాను. జరిగింది మేనేజర్‌కు చెప్పలేదు. ఇప్పుడు అందరినీ వెనక వీధిలోకే తీసుకెళ్తాను, తగని బండి అయితే తగదనే చెప్తాను. నా అమ్మకాలు ఎందుకు తగ్గాయని అడిగితే ఏదో చెప్పి తప్పించుకుంటాను. దాంతో మనసు కుదుటపడుతుందనుకుంటే అదీ లేదు. ఈయన కంటే ముందు రెండేళ్లకు పైగా ఎంతమందిని ఆ నున్నటి రోడ్డు మీద తిప్పి పంపానో నాకు గుర్తు లేదు. వాళ్లలో ఎవరి ఇంటికీ నేను వెళ్లలేదు.

పెద్దాయన నాతో మంచిగానే ఉంటాడు. ఫోన్ చేసి గాలి ఎంత పెట్టించాలి, చైన్‌కు ఆయిల్ ఎప్పుడు వేయాలి అని అడుగుతాడు. నేను చెప్పింది విని, "రొంత ఉండు," అని పక్కనున్న మెకానిక్‌ను కూడా అడుగుతాడు. నా ఫోన్‌లోనే వినిపిస్తుంది. అలా అడగడం న్యాయమేనని నాకు తెలుసు.

పోయిన నెల ఫోన్ చేసి, వానలు తగ్గాక ఘాట్ దిగి సముద్రం దాకా పోతున్నామన్నాడు.

"నువ్వూ రా అప్పా, స్కూటర్‌లో కాదు, మంచి బండి తీసుకొని. మా ఇంటామె కూడా రమ్మనింది."

ప్రయాణం మూడు రోజులూ ఆమె ఎదురుగా కూర్చుని భోజనం చేయడం ఊహించుకున్నాను.

సెలవు దొరకదు సార్, అన్నాను. మేనేజర్‌ను అసలు అడగనే లేదు.

"సరేలేప్పా," అన్నాడాయన.