మామిడి పండగకు ముందు కొరికిన కాయ

ఎనభై ఆరో సంవత్సరం, మార్చి రెండో మంగళవారం, ఉదయం తొమ్మిదింబావు. అప్పుడు మొదలైంది. ఇన్నేళ్లూ ఈ బరువును ఎవరి ముందూ దించలేదు. ఈ కాగితం చదువుతున్న నీ ముందు దించుతున్నాను. నన్ను ఓదార్చకు.

అప్పుడు భద్రాచలం దగ్గరి ఒక కోయగూడెంలో నేను టీచరుని. హైదరాబాదు నుంచి ఒక డైరెక్టర్ వచ్చాడు. నాలుగు గంటల సినిమా తీస్తానన్నాడు. పడవవాడు, ఫారెస్టు గార్డు, ఆకుమందులిచ్చే ముసలామె, తునికాకు కోసే ఆడమనిషి. నలుగురి కథలూ ఒకదానిలో ఒకటి అల్లుకుని సాగాలి. ఆ నాలుగూ నేను మూడేళ్లు గడపగడపా తిరిగి రాసుకున్నవి. నోటుబుక్కు తీసుకున్నాడు. రచయితగా తన పేరు వేసుకున్నాడు. అడిగితే, "మీరు దుబాసి మేడం. వాళ్ల మాట మాకు చెప్పండి, చాలు" అని నవ్వాడు. అతను దొంగ. ఈ వయసులోనూ ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఇది అతని తప్పు గురించి రాస్తున్నది కాదు.

తునికాకు కథకు గూడెంలోని కన్నమ్మనే పెట్టుకున్నాడు. ఆ ఉదయం ఆమె మామిడికాయ కొరకాలన్నాడు. మామిడి పండగ చేసి వేల్పుకు పెట్టకుండా అక్కడ ఎవరూ కొత్త కాయ నోట పెట్టరు. అతనికి తెలియదు. ఇబ్బందేమైనా ఉందా అని నన్నడిగాడు. లేదన్నాను. గూడెం తిరగబడి షూటింగు ఆగిపోవాలనుకున్నాను. కన్నమ్మ గుర్తు రాలేదా? వచ్చింది. గుర్తు వచ్చాకే ఆ మాట అన్నాను.

ఆమె తనకు వచ్చిన తెలుగులో అడిగింది.

"పెద్దలు ఒప్పుకున్నరా, టీచరమ్మా?"

"అవ్, నేనడిగిన. పటేలే తినమన్నడు."

"పటేలా? పండగ కాందే ఆయన పెండ్లాన్నే కాయ ముట్టనియ్యడు గద." నవ్వింది. "సరే, నువ్వు చెప్తున్నవ్. తింట."

నాలుగు సార్లు తీశారు. నాలుగు కాయలు కొరికింది.

సాయంత్రం గూడెం పెద్ద పటేలు, మిగతా పెద్దలు కూర్చున్నారు. టీచరమ్మ తినమన్నదని కన్నమ్మ చెప్పింది. వాళ్లు నా వైపు తిరిగారు. నేను అనలేదన్నాను.

తిన్న తప్పు వేల్పుకు ఒక కోడినిస్తే తీరిపోయేది. పెద్దల ముందు బొంకి, చదువుకున్న మనిషి మీద నింద వేసిన తప్పు తీరలేదు. ఆమెను వెలివేశారు. మర్నాడు సినిమావాళ్లను పంపేశారు. నేను కోరినదే జరిగింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. అది కూడా రాయాలి.

కన్నమ్మ ముదిగొండ వైపు మిరప తోటల్లో కూలికి పోయింది. ఖమ్మం బస్టాండులో ఒకసారి ఎదురుపడింది. తిడుతుందేమోనని నిలబడ్డాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నానేమో. ఆమె నా కళ్లలోకి చూసింది. తల తిప్పుకున్నది నేనే.

క్షమించమని నిన్ను అడగను. ఆ హక్కు నీకు లేదు, ఉన్నది ఆమె ఒక్కతికే. రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. సిగ్గుపడవలసిన సంగతే.

పోయినవి: పదకొండు రీళ్ల దగ్గర ఆగిన సినిమా ఒకటి. నా నోటుబుక్కు ఒకటి. కన్నమ్మకు ఇల్లు, అడవి, తన వాళ్లతో చేసుకోవలసిన తొమ్మిది మామిడి పండగలు. పదోది రాకముందే ముదిగొండలో చనిపోయింది.