సాయన్న గోడకు సున్నం

పొద్దున బోరంచ పోచమ్మ గుడికి మొక్కు చెల్లించడానికి పోయి, పక్కింటి సాయన్నా నేనూ సాయంత్రానికి నారాయణఖేడ్ తిరిగొచ్చాం. ఎవరూ నేర్పకుండానే, కలలో కనిపించినవన్నీ బొగ్గుతో, ఎర్రటి జాజుమన్నుతో ఇంటి గోడలనిండా గీసేవాడు సాయన్న. చనిపోయిన భార్య బొమ్మ కూడా ఆ గోడమీదే ఉండేది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. అతని ఇంట్లోకి పోయేసరికి గోడలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి.

“బోనాలు వస్తున్నయి గద నాయినా, గలీజంత పోవాలని సున్నమేసిన. మంచిగున్నదా?” అంది అతని బిడ్డ, చేతులు కడుక్కుంటూ.

“మంచిగున్నది బిడ్డా,” అన్నాడు సాయన్న.

బయటికొచ్చాక, భార్యను మళ్లీ గీయమన్నాను.

“మొఖం యాదికి లేదు. గోడను జూసే యాది జేసుకుంటుంటి.”

సున్నం బాగా పట్టిందన్నాను. మీరైతే ఏమనేవారు?