బాబాయి చూపుడువేలు

మా బాబాయికి లోకంలో ఒక్కటే భయం: వంకర. పాము ఎదురైతే పక్కకి తప్పుకుని తన దారిన తను పోతాడు గానీ, గోడ మీద పటం కాస్త ఒరిగి ఉందంటే ఆయనకి ముద్ద దిగదు.

ఆయనది ఫొటో స్టూడియో. దరఖాస్తులకి అంటించే చిన్న ఫొటోలు తియ్యడమే పని. స్టూలు మీద కూర్చున్నది ఎవరైనా సరే, మీట నొక్కేముందు గడ్డం కింద చూపుడువేలు ఆనించి తల నిటారుగా నిలబెట్టాల్సిందే. ఒకసారి పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన ఒక జడ్జిగారికీ అదే మర్యాద జరిగింది.

"ఏమయ్యా, నన్నే ముట్టుకుంటావా?" అన్నారాయన.

"తమరి తల వెంట్రుకవాసి ఎడమకి ఉందండి. ఫొటో తిప్పి పంపుతారు. మీ ప్రయాణం ఆగిపోతుంది. అక్కడ మీవాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి మంచం పడతారు..."

బాబాయి ఇంకా ఎందర్ని మంచమెక్కించేవాడో గానీ, జడ్జిగారే హడలిపోయి గడ్డం అప్పగించేశారు.

నేను బస్సు నడుపుతాను. ముప్పై మూడో ఏట నా తల తనంతట తనే ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. మొదట్లో కొంచెమే. నెల తిరిగేసరికి నేను రోడ్డు చూద్దామంటే అది పక్క కిటికీ చూస్తోంది. ఒకరోజు మలుపులో రోడ్డు దాటుతున్న మనిషి చివరి క్షణంలో కనిపించాడు. బ్రేకు తొక్కితే బండి అతనికి జానెడు దూరంలో ఆగింది. ఆ సాయంత్రమే డిపోలో తాళంచెవులు ఇచ్చేశాను. "డాక్టరు కాగితం తెస్తేనే మళ్లీ బండి" అన్నాడు మేనేజరు.

ఒక డాక్టరు తలగడ మార్చమన్నాడు. ఇంకొకాయన మెడకి పట్టీ వేశాడు. మూడో ఆయన "మనసులో ఏమైనా దిగులుందా?" అని అడిగాడు. లేకేం? ఈ తల ఎక్కడిదాకా తిరుగుతుందో, ఇక జన్మలో బస్సు ఎక్కుతానో లేదోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతుకుతున్నాను. అద్దం చూడ్డం కూడా మానేశాను.

సెలవు దరఖాస్తుకి ఫొటో కావలసి బాబాయి దగ్గరికి వెళ్లాను. అలవాటు ప్రకారం వేలు వచ్చి గడ్డానికి ఆనింది. రెండు నెలలుగా మొండికేసిన తల మెల్లగా నడిమధ్యకి వచ్చి నిలబడింది. వేలు తీశాడు, ఎడమకి పోయింది. మళ్లీ ఆనించాడు, మధ్యకి వచ్చింది.

బాబాయి మొహం పాలిపోయింది. "నేను నొక్కలేదురా. ఊరికే ఆనించానంతే. ముప్పై ఏళ్లలో ఏ మెడా ఇలా చెయ్యలేదు. పద!"

నరాల డాక్టరమ్మ గదిలో అడుగుపెడుతూనే బాబాయి గోడ మీద పటం సరిచేశాడు. ఆమె బల్ల మీది పెన్నులు సరిచేశాడు. ఆమె గడ్డం వైపు చెయ్యి సాచబోతుంటే చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"వేలు ఆనిస్తే తిన్నగా అవుతోందా? ఏదీ, చూపించండి" అందామె. చూపించాం.

"మంచి ఆధారమే పట్టుకొచ్చారు. ఇది అరుదైన జబ్బు. మెడ కండరాలకి మెదడు తప్పుడు ఆజ్ఞలు పంపిస్తుంది. ఇలా ముట్టుకుంటే కాసేపు సర్దుకుంటుంది. బిగుసుకున్న కండరాల్లోకి సూదిమందు వేస్తే వదులవుతాయి. మూడు నెలలకోసారి వేయించుకోవాలి."

"ఏం మందండీ అది?" అన్నాడు బాబాయి.

"నిజానికి అదొక విషం. చాలా కొద్దిగా వేస్తాం."

బాబాయి గోడకి జారగిలబడ్డాడు. వెనక పటం మళ్లీ వంకరైంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. నాకు అసలు భయం పట్టుకున్నది అప్పుడే.

మెడలో నాలుగు చోట్ల సూదులు పడ్డాయి. గుణం కనిపించడానికి రెండు వారాలు పడుతుందన్నారు. ఆ రెండు వారాలూ బాబాయి భోజనాల వేళకి స్టూడియో మూసి మా ఇంటికి వచ్చి, నేను తిన్నంతసేపూ గడ్డానికి వేలు ఆనించి కూర్చునేవాడు.

"నా వేలు నాకుంది కదా బాబాయ్!"

"నీ వేలికి అనుభవమెంత? నాదానికి ముప్పై ఏళ్లు."

ఒకరోజు ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, వెంట వచ్చిన పిన్ని చెప్పింది. "కొత్తలో ఈయన తీసిన వంకర ఫొటో మూలంగా ఒకమ్మాయి దరఖాస్తు తిరిగొచ్చిందిరా. గడువు దాటిపోయి పాపం ఆ పిల్లకి ఉద్యోగం రాలేదు. అప్పట్నుంచీ ఈ పిచ్చి. తన వల్ల ఇంకెవరి పనీ ఆగకూడదంటాడు." ఇన్నేళ్లూ ఆ వేలిని చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

రెండో వారం చివర్లో తల నా మాట వినసాగింది. నెలకి డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి కాగితం రాసిచ్చింది. దానికో ఫొటో కావాలి. స్టూలు మీద కూర్చుని, గడ్డం ముందుకి పెట్టి, వేలు కోసం ఎదురుచూశాను. బాబాయి కెమెరా వెనక నుంచి కదల్లేదు.

"వేలు?" అన్నాను.

"ఇవాళ వద్దు" అన్నాడు.

ఇద్దరం ఊపిరి బిగబట్టాం. నా తల కదల్లేదు. బాబాయి మీట నొక్కాడు.

తీరా చూస్తే నేను కొయ్యలా కూర్చున్నాను, ఫొటోయే వంకరగా వచ్చింది. ఆయన చేతులు వణికి కెమెరా ఒరిగిపోయిందట. కాగితానికి ఇంకోటి తీసిచ్చాడు. ఆ వంకరదాన్ని మాత్రం పెద్దది చేయించి స్టూడియో గుమ్మానికెదురుగా తగిలించాడు.

మొన్న డ్యూటీ దిగి వెళ్లినప్పుడు, పటాన్ని కాస్త తిప్పి తల నిటారుగా వచ్చేలా చేద్దామని చెయ్యి సాచాను. బాబాయి ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ముట్టుకోకు! బాగానే ఉంది."